ఎండిపోయిందనుకున్న జీబ్రా మొక్క

వాడిన మొక్కని చూడగానే ఎవరికైనా నీళ్లు పోయాలనే అనిపిస్తుంది. మా పిన్ని కూడా అదే చేసింది. విజయవాడలో వాళ్ల వంటింటి కిటికీలో, డబ్బాల వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ కుండీ చూపించి, "కలబంద పిల్లే. నీళ్లు పోస్తూనే ఉన్నానే, అయినా ఎండిపోతోంది. బతికించగలిగితే పట్టుకెళ్లు" అంది. హైదరాబాద్ తెచ్చుకున్నాను. అసలిదేం మొక్కో తేలేదాకా చుక్క నీరు పోయకూడదనుకున్నాను.

ఆకుల మీది దుమ్ము, నూనె జిడ్డు తడిగుడ్డతో తుడిచాక అసలు రూపం బయటపడింది. ముదురాకుపచ్చ మీద తెల్లటి గరుకు బొడిపెలు, అడ్డచారలుగా. అంచు పట్టుకుని వేలితో తడిమితే కలబందకుండే ముళ్లు లేవు. అప్పుడే అనుమానం తీరింది, ఇది హావర్థియా. మన నర్సరీల్లో జీబ్రా ప్లాంట్ అంటారు. పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతం. ఏడ్రియన్ హార్డీ హావర్త్ అనే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త పేరు మీద హావర్థియా అన్నారు. 2013లో ఈ గట్టి ఆకుల రకాలను విడదీసి హావర్థియాప్సిస్ అని వేరే పేరు పెట్టారు కానీ, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇంకా పాత పేరే వాడుతున్నారు.

ఇందులోనూ రెండు రకాలు ఒకేలా ఉంటాయి. ఫాసియాటాకి బొడిపెలు ఆకు వెనకవైపే ఉంటాయి, లోపలి వైపు నున్నగా ఉంటుంది. నేను తెచ్చిన మొక్కకి లోపలి వైపు కూడా సన్నటి చుక్కలున్నాయి, కాబట్టి అటెన్యువాటా. ఫాసియాటా అని చీటీ పెట్టి అమ్మేవి చాలావరకు ఇవే.

తర్వాత కుండీ బోర్లించి మొక్కని బయటికి తీశాను. నర్సరీ వాళ్లు పెట్టిన కొబ్బరిపొట్టు ముద్ద మధ్యలో అలాగే ఉంది, పిండితే నీళ్లు కారేంత తడిగా. వేళ్లు గోధుమరంగులో మెత్తబడ్డాయి. ఒకటి పట్టుకుని లాగితే పైతొక్క చేతికొచ్చేసి, లోపల దారంలాంటి నార మాత్రం మిగిలింది. పిన్ని పోసిన నీళ్లన్నీ కుండీలోనే ఉన్నాయి, తాగడానికి మొక్కకి వేళ్లు లేవు! ఆకులు ముడుచుకున్నది అందుకే. దాహంతో వాడినా, వేరు కుళ్లి వాడినా పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇలాంటి మొక్క చేతికొస్తే ముందు వేరు చూడమని అందరికీ చెబుతాను.

ఆకుల మొదళ్లలో దూదిలాంటి తెల్లటి పిండినల్లి కూడా ఉంది. చెవి తుడుచుకునే దూది ఇయర్‌బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కో సందూ తుడిచాను. ఓపిక కావాల్సిన పని ఇదొక్కటే. ఒక్కసారితో పోదు, కొన్నాళ్లకి మళ్లీ చూసుకోవాలి.

కుళ్లిన వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో కోసేసి, కోసిన చోట ఆరేదాకా కాగితం మీద నీడలో ఉంచాను. ఆ కొద్ది రోజులు మొక్కకేమీ కాదు, ఆకుల్లో నిల్వ ఉన్న నీరు చాలు. ఎర్రమట్టి ఒక వంతుకి, ముతక ఇసుకా పెర్లైటూ (నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్లటి గుల్ల పలుకులు) కలిపి రెండు వంతులు వేసి, అడుగున చిల్లున్న చిన్న మట్టి కుండీలో నాటాను. పెద్ద కుండీ అయితే తడి త్వరగా ఆరదు. నాటాక కూడా వారం పైనే నీళ్లు పోయలేదు. ఆ తర్వాత పోసింది కూడా తక్కువే. కొన్ని వారాలకి మెల్లగా పైకి లాగి చూస్తే మొక్క కదల్లేదు, అంటే కొత్త వేరు పట్టిందన్నమాట.

ఇప్పుడది తూర్పు బాల్కనీలో ఉంది. పొద్దుటి ఎండ తగిలితే చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆకులు ఎర్రబడతాయి. మన మండు వేసవిలో ఇది దాదాపు నిద్రలో ఉంటుంది కాబట్టి, ఎండలు ముదిరాయని నీళ్లు పెంచకూడదు. వర్షాకాలం జల్లు పడని చోటికి జరపాలి. చలికాలం బాగా ఎదుగుతుంది, అప్పుడు మట్టి పూర్తిగా ఆరాక నిండుగా పోస్తాను.

చివర్లు మాడిన పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని అలాగే వదిలేశాను. మధ్యలో కొత్త ఆకులు గట్టిగా, నిటారుగా వస్తున్నాయి. పక్కన రెండు పిలకలు మొలిచాయి. వాటికి సొంత వేళ్లు వచ్చాక వేరు చేస్తాను, తొందరేం లేదు.