మెడలో దుమ్ము మీటరు వేసుకునే ముందు

మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్క వీధుల్లో గాలి సర్వేకు ఒప్పుకుంటే, మీటరును ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు, కాలరు దగ్గర తగిలించుకోవాలి. జేబులో వేసుకుంటే లెక్క పాడైనట్టే. చున్నీయో కండువానో గాలి రంధ్రాన్ని కప్పేసినా అంతే, అంకె ఉత్తినే పడిపోతుంది. స్నానానికి పోయేటప్పుడు బయటే పెట్టండి. రాత్రి దిండు ఎత్తున ఉంచండి.

చలికాలం పొద్దున పొగమంచును కూడా మీటరులోని లేజర్ సెన్సారు దుమ్ముగానే లెక్కేస్తుంది, తెర మీద 90 చూసి హడలిపోకండి. (పీఎం 2.5కి, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే దుమ్ముకి, మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. అది 24 గంటల సగటు, ఒక్క నిమిషం అంకెతో పోల్చేది కాదు.)

ఎప్పుడు ఏ పొగ వచ్చిందో రాసే డైరీకి మాత్రం బద్ధకించొద్దు. "6:40, కట్టెల పొయ్యి, తలుపు మూసి ఉంది" అని రాస్తే చాలు. ఊదుబత్తి, దోమల కాయిల్ కూడా రాయాలి. లేకుంటే ఇంట్లో పొగంతా మిల్లు ఖాతాలో పడుతుంది.