రైతుబజారు కార్డుతో తొలి ఎండాకాలం

మా చిన్నాయన కోడుమూరు వైపు ఒక పల్లెలో బోరు కింద కూరగాయలు పండిస్తాడు. బెండ, వంగ, టమోటా ఆయన ప్రధాన పంటలు. గట్ల వెంబడి పుంటికూర (గోంగూర), తోటకూర వేస్తాడు. ఆయన సేద్యం మొదలుపెట్టిన నాటి నుంచి నిన్నమొన్నటి దాకా ఆ పంటంతా మండీకే పోయేది. అక్కడ ధర చెప్పేది కొనేవాళ్ళే. ఆ చెప్పిన ధరలో నుంచి కమీషను, హమాలీ కూలి, తరుగు తీసివేయగా మిగిలినది పట్టీలో రాసి చేతిలో పెట్టేవారు. నేను కర్నూలులో ఉంటూ ఆదివారం పూట సి.క్యాంపు రైతుబజారులో కూరగాయలు కొంటుంటాను. ఒకసారి చిన్నాయన పట్టీనీ, అదే రోజు బజారు బోర్డు మీద రాసి ఉన్న బెండకాయ ధరనూ పక్కపక్కన పెట్టి చూశాక, ఆయనకు రైతుబజారు గుర్తింపు కార్డు ఇప్పించే దాకా ఊరుకోకూడదని నిశ్చయించుకొన్నాను.

రైతుబజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. పండించినవాడు మధ్యలో దళారి లేకుండా తినేవాడికి నేరుగా అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. కొట్టుకు అద్దె ఉండదు, కమీషను ఉండదు, తూకం కాటా బజారువారే ఇస్తారు. ధర మాత్రం రైతు ఇష్టానికీ, కొనేవారి బేరానికీ వదలరు. ప్రతి ఉదయం టోకు ధరనూ, ఊళ్ళోని చిల్లర ధరనూ తెలుసుకొని, స్థూలంగా టోకు ధరకు పాతిక శాతం పైన, చిల్లర ధరకు పాతిక శాతం కింద ఉండేలా ఒక ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఉదాహరణకు మండీలో కిలో 16 రూపాయలు, వీధి దుకాణంలో 28 రూపాయలు ఉన్న కాయకు బజారులో 20 రూపాయలో 21 రూపాయలో పడుతుంది. రైతుకు నాలుగైదు రూపాయలు ఎక్కువ దక్కుతాయి, కొనేవారికి ఏడెనిమిది రూపాయలు మిగులుతాయి. ఈ లెక్కలో మోసపోయేవారెవరూ లేరు. అయితే కొట్టులో కూర్చొన్నది నిజంగా రైతే అయినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. కార్డు అవసరం అందుకే వచ్చింది.

దరఖాస్తు బజారులోని ఎస్టేట్ అధికారి కార్యాలయంలో ఇవ్వాలి. పట్టాదారు పాసుపుస్తకం, భూమి ఎవరిదో చూపే 1బి, ఏ పొలంలో ఏ పంట ఉందో చూపే అడంగల్, ఆధార్ నకళ్ళు, ఫొటోలు జతచేశాము. పంట ప్రభుత్వ పంటల నమోదు వ్యవస్థ అయిన ఈ-క్రాప్‌లో నమోదై ఉందా అని అడిగారు. ఊరి రైతు సేవా కేంద్రంలో చిన్నాయన దానిని ముందే చేయించి ఉండడం వల్ల ఆ మెట్టు సులభంగానే దాటాము. చిక్కు మరోచోట వచ్చింది. చిన్నాయన సాగు చేసే నేలలో సొంతది సగం కూడా లేదు. బెండ, వంగ ఉన్నదంతా కౌలు పొలంలోనే. పాసుపుస్తకం ప్రకారం చూస్తే ఆయన అమ్ముకోగలిగినవి టమోటాలు, ఆకుకూరలు మాత్రమే. కౌలు పొలంలోని పంటను చూపాలంటే సాగుదారు హక్కుల పత్రం కావాలన్నారు.

ఆ పత్రం 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇస్తారు. గడువు 11 నెలలు, పొలం యజమాని సంతకం తప్పనిసరి. మా ప్రక్రియలో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పట్టవలసి వచ్చింది ఆ సంతకం దగ్గరే. పొలం యజమాని మాకు తెలిసిన పెద్దమనిషే, చిన్నాయన మీద ఆయనకు ఏ అనుమానమూ లేదు. కానీ కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే రేపు పొలం చేజారుతుందేమోనన్న భయం ఆ తరంవారిలో బలంగా ఉంది. "నీ మీద నమ్మకం లేక కాదప్పా, కాగితం మీద నమ్మకం లేక" అని ఆయన చిన్నాయనతో సూటిగానే చెప్పాడు. ఆ మాటకు చిన్నాయన నొచ్చుకోలేదు. కాగితం వల్ల నష్టపోయినవారిని ఊళ్ళో ఇద్దరూ చూసినవారే.

నేను చట్టంలోని విషయాన్ని తెలుగులో రాసుకొని వెళ్ళి ఆయన ముందు చదివాను. ఆ పత్రం పంట మీద హక్కును మాత్రమే ఇస్తుంది, భూమి మీద కాదు. రెవెన్యూ రికార్డులో యజమాని పేరు మారదు. గడువు తీరగానే పత్రం దానంతట అదే చెల్లకుండా పోతుంది. పంట రుణం, పంట నష్టపరిహారం వంటివి నిజంగా సాగు చేసినవాడికి అందడానికి ఇది ఆధారం. ఆయన అంతా విని, కొడుకుతో మాట్లాడి చెబుతానన్నాడు. కొడుకు ఒప్పుకొన్నాక గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో సంతకం చేశాడు. కౌలు రైతులు ఎక్కువగా ఉన్న మన జిల్లాలో ఎంతోమంది ఈ సంతకం అడగడానికే జంకి వెనక్కి తగ్గుతున్నారు. చట్టంలో ఏముందో యజమానికి వివరంగా చదివి వినిపించే మనిషి ఊరికి ఒకరైనా ఉంటే ఈ భయం చాలావరకు తగ్గుతుందని నా గట్టి నమ్మకం. వాగ్వాదం వల్ల అయ్యే పని కాదిది, ఎదురుగా కూర్చొని చదవడం వల్లనే అవుతుంది.

తరువాత ఉద్యానశాఖవారు పొలానికి వచ్చారు. ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉంది, ఎన్నాళ్ళకు కోతకు వస్తుంది, సుమారు ఎంత దిగుబడి రావచ్చు అన్నవి రాసుకొన్నారు. ఇంత వివరం ఎందుకని చిన్నమ్మ అడిగితే, కార్డు పెట్టుకొని మండీలో సరుకు కొని తెచ్చి అమ్మేవారిని పట్టుకోవడానికి ఈ లెక్కే పనికొస్తుందని చెప్పారు. పది సెంట్ల వంగతోట ఉన్నవాడు రోజూ బస్తాలకొద్దీ వంకాయలు దించుతుంటే కార్డు చూడగానే తెలిసిపోతుంది కదా. కార్డు మీద చిన్నాయన ఫొటోతో పాటు పంటల పేర్లూ రాసి ఇచ్చారు. ఆయన బదులు చిన్నమ్మ కూర్చోవడానికీ అనుమతి ఉంది. అమ్మకంలో ఆమెకున్న నేర్పు ఆయనకు లేదు కాబట్టి అది మాకు ఎంతో మేలైంది.

కార్డు చేతికి వచ్చేసరికి మే నెల నడుస్తోంది. కర్నూలు ఎండ సంగతి తెలిసినవారికి ఆ నెలలో కూరగాయలు అమ్మడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మా తొలి ఆదివారానికి ముందు రాత్రి నేనూ ఊరికి వెళ్ళాను. తెల్లవారుజామున, నేల చల్లగా ఉన్నప్పుడే తలకు లైట్లు కట్టుకొని బెండకాయలు కోశాము. ఎండెక్కిన తరువాత కోసిన కాయలో వేడి నిలిచి ఉంటుంది, గంపలో ఎంత నీడన పెట్టినా అది త్వరగా వడలిపోతుంది. బెండను రోజు విడిచి రోజు కోయాలి. పూత విచ్చిన నాలుగైదు రోజులకే కాయ లేతగా కోతకు వస్తుంది, ఒక్క కోత తప్పినా పీచు పట్టి ఎవరికీ పనికిరాదు. మండీ ధర పడిపోయిన వారాల్లో కూలి కూడా గిట్టదని చిన్నాయన కోత మానేసి కాయను చెట్టుకే ముదరనిచ్చేవాడు. ఆకుకూరలను కట్టలు కట్టి తడి గోనెపట్టలలో చుట్టాము. బెండకాయల మీద మాత్రం నీళ్ళు చల్లలేదు, తడిస్తే అవి నల్లబడతాయి. ఊరిలో ఇంకో ఇద్దరు రైతులతో కలిసి ఆటో మాట్లాడుకొన్నాము.

కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగుల కోసం ఏర్పడినవే ఏ, బీ, సీ క్యాంపులు. రాజధాని వెళ్ళిపోయినా పేర్లు ఉండిపోయాయి. ఇప్పుడు ఆ చుట్టూ కాలనీలు పెరిగి, ఆదివారం ఉదయం బజారులో అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. లోపల కొట్లు నిండిపోయి, బయట రోడ్డు పక్కన కూడా గంపలు వెలుస్తున్నాయి. తాటిముంజలవారు, మామిడిపండ్లవారు ఎక్కువగా బయటే కూర్చొంటారు.

మేము వెళ్ళేసరికి ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో కొట్టు కేటాయించి, కాటా ఇచ్చారు. బోర్డు మీద ధరలు రాసేదాకా ఎవరూ అమ్మకం మొదలుపెట్టలేదు. మొదట వచ్చేది నడకకు వచ్చిన పెద్దవారు. వారు కాయను ముట్టి చూస్తారు, ఏ ఊరని అడుగుతారు, ఎప్పుడు కోశారని అడుగుతారు. ఎండ రాకముందే ఆకుకూర అంతా వారి సంచులలోకి వెళ్ళిపోయింది. తరువాత వచ్చే కుటుంబాలు త్వరలో ఉంటాయి, ఒకేచోట అన్నీ దొరకాలనుకొంటాయి. చిన్నమ్మ దగ్గర బెండ, వంగ, టమోటా తప్ప వేరే రకం లేదని కొందరు పక్కకు వెళ్ళిపోయారు.

కొనేవారికి నేను మనసారా చెప్పదలచుకొన్న విషయం ఇక్కడే ఉంది. మన పల్లెల్లో బోరు కింద నాలుగైదు రకాలకు మించి ఒకేసారి పండించే చిన్న రైతు అరుదు. క్యారెట్టు, బీన్సు, క్యాప్సికం, క్యాబేజీతో సహా పదిహేను రకాలు పేర్చి కూర్చొన్నవారు మే నెలలో అవన్నీ తమ పొలంలోనే పండించి ఉండరు. మన ఎండకు క్యారెట్టు, బీన్సు సరిగా రావు. అవి బయటి ఊళ్ళ నుంచి రావలసిందే. ఆ రకాలు అమ్మేవారూ కావాలి, కాదనను. కానీ బెండకాయలు, వంకాయలు, ఆకుకూరలు కొనేటప్పుడు మూడు నాలుగు రకాలే ఉన్న కొట్టు దగ్గర ఆగి, కార్డు చూపమని మర్యాదగా అడిగి, అక్కడ కొనండి. కార్డు అడిగినందుకు రైతు ఏమీ అనుకోడు. చిన్నాయన అయితే అడగకముందే చూపిస్తాడు.

మామిడి గురించి కూడా చెప్పాలి. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరు మనకు పొరుగునే, నంద్యాల జిల్లాలో ఉంది. వేసవి ఆదివారాలలో జనం మొదట వెతికేది ఆ పండ్లనే. కార్బైడుతో మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. దాని నుంచి వెలువడే ఎసిటిలీన్ వాయువులో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్ళు ఉండవచ్చు. ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి మాత్రం పరిమితితో అనుమతి ఉంది. పక్క కొట్టు రైతు తన తోట కాయలను ఎండుగడ్డిలో మాగబెట్టి తెచ్చాడు. ఆ పండ్లన్నీ ఒకే పసుపురంగులో లేవు. కొన్నిటికి తొడిమ దగ్గర పచ్చదనం ఉంది, కానీ వాసన మాత్రం బారెడు దూరానికే తెలుస్తోంది. రంగు సమంగా లేదని కొందరు వాటిని వదిలేసి వెళ్ళడం చూస్తే నాకు బాధ కలిగింది.

పది గంటలు దాటేసరికి రేకుల కింద సెగ మొదలై జనం పలచబడ్డారు. వంకాయలు ఒక గంపెడు మిగిలాయి. సాయంత్రం అమ్ముదామంటే అప్పటికి ముడతలు పడతాయి. ఇలాంటి మిగులు కోసమే ఉద్యానశాఖవారు పొలానికి వచ్చినప్పుడు కరెంటు అవసరం లేని చల్లని అరను కట్టుకోమని సలహా ఇచ్చారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పద్ధతి అది. ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, మధ్య సందులో ఇసుక నింపి, ఆ ఇసుకను ఉదయం సాయంత్రం తడుపుతారు. పైన తడి గోనె కప్పి నీడ కల్పిస్తే, లోపలి వేడి బయటి కంటే పది పదిహేను డిగ్రీలు తగ్గుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అది అంత బాగా పనిచేస్తుంది కాబట్టి మన ఎండాకాలానికి సరిపోయిన ఏర్పాటు. చిన్నాయన దానిని పాత ఇటుకలతో బోరు పక్కన కట్టాడు. ఇప్పుడు ముందు రోజు కోసిన వంకాయ కూడా మరునాడు బజారుకు నిగనిగలాడుతూనే వస్తోంది.

టమోటా కథ వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి పెరిగేకొద్దీ పూత రాలి కాయ కట్టడం తగ్గుతుంది. అందువల్ల ఎండాకాలం చివరలో సరుకు తగ్గి ధర ఎక్కుతుంది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు ప్రభుత్వం రైతుబజార్లలో రాయితీ మీద 50 రూపాయలకు అమ్మించిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అదే టమోటాను మంచి దిగుబడి వచ్చిన కాలంలో పత్తికొండ వైపు రైతులు కొనేవారు లేక రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. రైతుబజారు ఈ రెండు కొసలనూ సరిచేయలేదు. ఆదివారం నాడు చిన్నమ్మ చిల్లరగా అమ్మగలిగినది కోతలో కొంత భాగమే. మిగిలినది నేటికీ మండీకే పోతోంది. అయినా ఇంటికి అవసరమైన రోజువారీ డబ్బు ఇప్పుడు పట్టీ కోసం ఎదురుచూడకుండా వస్తోంది. అంతకన్నా ముఖ్యంగా, మండీలో చెప్పే ధర ఎంత తక్కువో చిన్నాయనకు ఆ ఉదయమే బోర్డు చూసి తెలుస్తోంది. ఆ ధర చెప్పి రెండు మాటలు అడిగే ధైర్యం వచ్చింది.

శ్రమ మాత్రం పెరిగింది. రాత్రి నిద్ర తగ్గింది, పూటంతా ఒకరు కొట్టులో కూర్చోవాలి, ఆటో ఖర్చు పంచుకొనే తోడు దొరకని రోజున రాబడి పలచబడుతుంది. పొద్దున్నే అమ్మకం బాగా సాగితే బయట ఉగ్గాణి బజ్జీ తిని ఇల్లు చేరతారు, లేకపోతే ఇంటికి వెళ్ళాకే ముద్ద. ఇంట్లో పనిచేసే చేతులు ఒక జత మాత్రమే ఉన్న రైతుకు ఈ దారి కష్టమని నేను ఒప్పుకొంటాను. అలాంటివారు ఇద్దరు ముగ్గురు కలిసి వంతులవారీగా కూర్చొంటే బాగుంటుంది.

వానాకాలానికి చిన్నాయన మటిక్కాయ (గోరుచిక్కుడు), పచ్చిమిరప వేశాడు. అవి కార్డులో లేవు కాబట్టి, కోత మొదలయ్యేలోగా పొలం మళ్ళీ చూసి ఆ రెండు పేర్లూ చేర్చమని ఎస్టేట్ అధికారి కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి వచ్చాము. కౌలు పత్రం గడువు కూడా దగ్గరపడుతోంది. ఈసారి పొలం యజమానే ముందుగా ఫోను చేసి, సంతకానికి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.