నౌపడా ఉప్పునీళ్ళలో తేలిన గుడ్లు

విజయనగరం నుంచి పలాసకి ఎన్నిసార్లు వెళ్ళుంటానో లెక్కలేదు, నక్క పెంట కోసం వెళ్ళడం మాత్రం ఇదే మొదటిసారి. మా మేనకోడలు వెటర్నరీ చదువుతోంది, ఉద్దానం జీడితోటల్లో తిరిగే నక్కలు, మానుపిల్లులు, అడవిపిల్లుల కడుపులో ఏ పురుగులుంటాయో చూడాలంట, "మావయ్యా, ఇంట్లో ఒక్కదాన్నీ పంపట్లేదు, నువ్వు తోడు రావాలి" అంది. సరే అన్నాను. పలాస స్టేషన్ బయట వజ్రపుకొత్తూరు వైపు ఆటోకి 600 అడిగారు, ఎంత బేరమాడినా 450కి తగ్గలేదు, ఆ దూరానికి ఇది అన్యాయం, ఇప్పటికీ కడుపు మండుతోంది.

మొదటిరోజు ఎండలోనే పోయింది. రెండోరోజు తెల్లారక బయల్దేరాం, ఎలుగుబంటి భయముంది కాబట్టి చీకట్లో తోటలోకి వెళ్ళొద్దని తోటాయన ముందే చెప్పాడు. నక్క దారి మధ్యలోనే పెంట వేస్తుందంట, మానుపిల్లేమో గోడల మీద, పడిపోయిన మొద్దుల మీద. తిత్లీ తుపానుకి 2018లో కూలిన చెట్ల మొద్దులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, వాటి మీదే రెండు దొరికాయి, నిండా ఈత గింజలే. నక్కదైతే తేల్చుకోవడం కష్టం, ఊరకుక్కది కూడా అలాగే ఉంటుంది. ఊరి చివర చెత్త పోసే చోట కుక్కలు గుంపుగా ఉన్నాయి, నక్కలూ రాత్రి అక్కడికే వస్తాయంట, కుక్కల పురుగులు నక్కలకీ, నక్కలవి కుక్కలకీ అక్కడే ఎక్కుతాయి అని తను చెప్తుంటే నాకు చాలా బాధేసింది, ఆ చెత్త పోసేది మనమే కదా.

సాయంత్రం తోటాయన ఇంటి అరుగు మీద మైక్రోస్కోప్ పెట్టింది. ఉప్పు కావాలంది. తెచ్చింది నౌపడా గల్లుప్పు, రైల్లోంచి ఆ ఉప్పు మళ్ళు ఎన్నేళ్ళుగా చూస్తున్నానో, దాంతో ఇంత పని ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. లీటరు వేడినీళ్ళలో దాదాపు 400 గ్రాములు కరిగించి, ఇంక కరక్క అడుగున మిగిలేదాకా కలిపి, చల్లార్చి వడగట్టి అందులో పెంట కలిపి మళ్ళీ వడగట్టి చిన్న గొట్టంలో అంచు దాకా పోసి పైన పల్చటి గాజుముక్క పెట్టింది. ఉప్పునీళ్ళు బరువు కాబట్టి పురుగుల గుడ్లు తేలి గాజుకి అంటుకుంటాయి. ఫ్లూక్ అనే, జలగలా కనిపించే పురుగుల గుడ్లు మాత్రం బరువెక్కువ, తేలవు, వాటికి అడుగున దిగిన మడ్డి చూడాలి. ఇరవై నిమిషాలు ఆగాం.

కనపడ్డాయి. ముందు గుండ్రంగా, పైన గుంటలు గుంటలుగా ఉన్న ఏలికపాము గుడ్డు. తర్వాత పల్చటి పెంకులో కొంకిపురుగు గుడ్డు. ఆ తర్వాత పీపాలా, రెండు కొసలకీ బిరడా కొట్టినట్టున్నది ఒకటి. తను దాన్ని చాలాసేపు చూసి "ఇది నక్కది కాకపోవచ్చు మావయ్యా, ఎలకది" అంది. ఎలక కార్జంలో ఉండే ఒక పురుగు గుడ్లు ఆ కార్జంలోనే బందీగా ఉండిపోతాయంట, ఎలక చచ్చి కుళ్ళాలి, లేకపోతే దాన్ని ఎవరైనా తినాలి. నక్క తింటే గుడ్లు దాని కడుపులోంచి చెడకుండా దాటి మట్టిలో పడతాయి, నక్కకేం కాదు. అంటే నక్క పెంటలో కనిపించిందల్లా నక్క రోగం అనుకోకూడదు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, నిజంగా.

కొంకిపురుగు గుడ్డు చూడగానే మాత్రం చిన్నప్పుడు సెలవలకి కవిటి అమ్మమ్మగారింటికి వెళ్ళడం గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా కొబ్బరితోటలో ఆడేవాళ్ళం, ఒకసారి పాదం పక్కన ఎర్రటి గీత, ఒకటే దురద, పొద్దుటికి కొంచెం ముందుకి పాకి ఉండేది. అమ్మమ్మ వేపాకు నూరి పట్టేది, పాకుడు మాత్రం ఆగేది కాదు. కుక్కా పిల్లీ వేసే పెంటలోంచి ఆ పిల్లపురుగులు నీడా తడీ ఉన్న ఇసకలో బతికి చర్మంలోంచి దూరతాయంట, మనిషి వాటి ఇల్లు కాదు కాబట్టి దారి తెలీక చర్మం కిందే తిరుగుతాయి. అది నక్కదో కుక్కదో పిల్లిదో గుడ్డు చూసి చెప్పలేరంట, అన్నీ ఒకలాగే ఉంటాయి.

తోటాయన తల్లి కూడా వచ్చి ఒంటికన్నుతో చూసింది. రోజంతా జీడిపిక్కలు ఏరే మనిషి, కాళ్ళకి చెప్పుల్లేవు.

"మరి నక్కకి కడుపునొప్పి రాదేటమ్మా?"

"పెద్దవాటికి పెద్దగా తెలీదు మామ్మా. పిల్లలకే కష్టం, తల్లి కడుపులో ఉండగానే ఏలికపాములు ఎక్కేస్తాయి, పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి కూడా."

ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. "మా మనవలకి బళ్ళో మాత్రలిత్తారు" అంది మెల్లగా. మళ్ళీ ఒంగి గాజు మీదకి చూసింది, ఆ పీపా గుడ్డు ఏదో చూపించమంది, మా మేనకోడలు తిప్పి తిప్పి దాన్ని వెతికిపెట్టింది.