టై కాబ్ కొట్టిన హిట్లు ఎన్ని? బేస్‌బాల్ వ్యాసాల చర్చ పేజీల్లో జరిగే పని

ఇంగ్లీషు వికీపీడియాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ వ్యాసాలు చదివేవారిలో చాలామంది ముందుగా చూసేది కుడిపక్కనున్న సమాచారపెట్టెను. ఎన్ని హిట్లు, ఎన్ని హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు ఎంత అన్నది చూసుకుని పేజీ మూసేస్తారు. అందులో తప్పేమీ లేదు, విజ్ఞాన సర్వస్వం ఉన్నదే అందుకు. అయితే ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీని తెరిచినవారికి మరో సంగతి బోధపడుతుంది. ఆ అంకెల్లో కొన్నిటిని అక్కడ నిలబెట్టడానికి, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని వాడుకరులు ఏళ్ళ తరబడి వాదించుకుని, పాత పత్రికలు తిరగేసి, ఆధారాలు ముందుపెట్టి, చివరికి ఒక అంగీకారానికి వచ్చి ఉంటారు. తీరిక వేళల్లో ఈ వ్యాసాల మీద పనిచేసేవారిలో నేనూ ఒకడిని. ఒక అంకెను సరిగ్గా రాయడం ఎంత ముఖ్యమో, ఎన్నో అంకెల మధ్య దాన్నే ఎందుకు ఎంచుకున్నామో అందరికీ కనబడేలా రాసి ఉంచడం అంతకంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

టై కాబ్ వ్యాసాన్నే తీసుకుందాం. క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఇక్కడ చిన్న వివరణ అవసరం. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే పరుగులను ఔట్లతో భాగిస్తే వచ్చేది కాదు, హిట్లను (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరుకున్న సందర్భాలను) ఎట్-బ్యాట్‌లతో (లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో) భాగిస్తే వచ్చే దశాంశం. ఆ సంఖ్య .300 దాటితే మంచి బ్యాటర్ అంటారు. డెట్రాయిట్ టైగర్స్ తరఫున దాదాపు జీవితమంతా ఆడి 1928లో విరమించిన కాబ్ సగటు .367 అని, హిట్లు 4,191 అని కొన్ని తరాల అభిమానులు కంఠతా పట్టారు. ఆ రెండు అంకెలకూ మూలంలోనే ఒక పొరపాటు ఉంది.

1910లో అమెరికన్ లీగ్‌లో అత్యధిక సగటు సాధించినవారికి చామర్స్ కంపెనీ ఒక కారు బహుమతిగా ప్రకటించింది. పోటీ కాబ్‌కూ, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజ్వేకూ మధ్య చివరి రోజు దాకా సాగింది. ఆ రోజు సెయింట్ లూయిస్‌లో జరిగిన రెండు ఆటల్లో లాజ్వేకు ఎనిమిది హిట్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బంట్లే (బంతిని బలంగా కొట్టకుండా దగ్గర్లోనే పడేలా తాకించడం), ఎందుకంటే కాబ్ అంటే గిట్టని ప్రత్యర్థి మేనేజరు తన థర్డ్ బేస్‌మన్‌ను కావాలని బాగా వెనక్కి నిలబెట్టాడు. గొడవ పెద్దదైంది, మేనేజరుకు ఉద్వాసన పలికారు, లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ కాబ్‌నే విజేతగా ప్రకటించాడు, కంపెనీ ఇద్దరికీ చెరో కారు ఇచ్చి ఊరుకుంది. సుమారు ఏడు దశాబ్దాల తరువాత, పీట్ పామర్ అనే గణాంక పరిశోధకుడు పాత లెక్కల పుస్తకాలను పరిశీలిస్తూ, ఆ ఏడాది కాబ్ రెండు హిట్లు కొట్టిన ఒక ఆటను రెండుసార్లు నమోదు చేశారని కనుగొన్నాడు. 1981లో స్పోర్టింగ్ న్యూస్ పత్రిక ఆ సంగతిని బయటపెట్టింది. దిద్దిన లెక్కలో కాబ్ హిట్లు 4,189, సగటు .366. 1910లో పైచేయి లాజ్వేదే. మేజర్ లీగ్ బేస్‌బాల్ అప్పటి అధిపతి, కమిషనర్ బౌయీ కూన్ మాత్రం పాత రికార్డును మార్చడానికి ఒప్పుకోలేదు.

ఇప్పుడు వ్యాసం రాసేవారి ఇబ్బందిని ఊహించండి. బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైటు దిద్దిన అంకెలు ఇస్తుంది, అధికారిక సంప్రదాయం పాత అంకెలు చెబుతుంది. కొత్తగా వచ్చిన వాడుకరి ఒకరు ఒక మూలం చూసి అంకె మారుస్తారు, మర్నాడు మరొకరు రెండో మూలం చూసి దాన్ని రద్దు చేస్తారు. ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకు మించి రద్దు చేస్తే నిరోధానికి గురికావలసి వస్తుంది గనుక, ఇద్దరూ చర్చ పేజీకి రాక తప్పదు. అక్కడ నాకు నచ్చేది ఏమిటంటే, ఎంత పెద్ద పండితుడైనా తానే పాత స్కోరు పట్టికలు కూడి తీర్పు చెప్పడానికి వీల్లేదు. సొంత పరిశోధన నిషిద్ధం. ఎవరు ఏమన్నారో, ఎప్పుడు అన్నారో, ఎందుకు విభేదించారో చెప్పడం వరకే మన పని. అందుకే ఇలాంటి చోట సమాచారపెట్టెలో ఒక అంకె పెట్టి, దాని పక్కనే ఒక గమనిక చేర్చి, రెండో అంకె కథను వ్యాసంలో వివరించడం న్యాయమైన పద్ధతి. ఆ గమనిక లేని అంకె సగం నిజమే.

ఈ తేడా కాబ్ పేజీతో ఆగదు. సిన్సినాటి రెడ్స్ ఆటగాడు పీట్ రోజ్ 1985 సెప్టెంబరు 11న సిన్సినాటిలో 4,192వ హిట్ కొట్టి కాబ్‌ను దాటాడని ఊరంతా పండుగ చేసుకుంది. కాబ్ హిట్లు 4,189 మాత్రమే అయితే, మూడు రోజుల ముందే, సెప్టెంబరు 8న షికాగోలో ఆ రికార్డు బద్దలైపోయి ఉండాలి. ఆ రోజు అక్కడున్నవారెవరికీ ఆ సంగతి తెలియదు. ఒక పేజీలో గమనిక మారిస్తే మరి నాలుగు పేజీల్లో మార్చాలన్న మాట, అందుకే ఒకే విషయం మీద రాసేవారంతా ఒక వికీప్రాజెక్టుగా కలిసి పనిచేయడం అవసరమవుతుంది.

2024 మే నెలాఖరున ఈ పని ఒక్కసారిగా మరింత బరువెక్కింది. 1920 నుంచి 1948 వరకు నల్లజాతి ఆటగాళ్ళు ఆడిన ఏడు నీగ్రో లీగ్‌లకు మేజర్ లీగ్ హోదా (అత్యున్నత స్థాయి ఆటగా గుర్తింపు) ఉన్నట్టు 2020 డిసెంబరులోనే ప్రకటించిన మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆ లీగ్‌లలో ఆడిన 2,300 మందికి పైగా ఆటగాళ్ళ గణాంకాలను అధికారిక రికార్డులో కలిపింది. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో మొదటి స్థానం కాబ్ నుంచి జోష్ గిబ్సన్‌కు మారింది. గిబ్సన్ సగటు .372. స్లగింగ్‌లో (ఒక్కో ఎట్-బ్యాట్‌కు సగటున సాధించిన బేస్‌ల లెక్కలో) కూడా .718తో బేబ్ రూత్‌ను దాటాడు. అమెరికాలోని తెలుగువారికి పిట్స్‌బర్గ్ అనగానే వేంకటేశ్వరస్వామి ఆలయం గుర్తుకొస్తుంది. గిబ్సన్ పెరిగిందీ, ఆడిందీ ఆ నగరంలోనే. హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లలో ఆడి, 1947 జనవరిలో ముప్ఫై అయిదేళ్ళకే కన్నుమూశాడు. మరి మూడు నెలలకు నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ వర్ణవివక్షను ఛేదించి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అలెగెనీ శ్మశానవాటికలో గిబ్సన్ సమాధికి 1975 దాకా గుర్తు కూడా లేదు.

అలాంటి మనిషి వ్యాసంలో అంకెలను సరిచూడటం నా దృష్టిలో మామూలు పని కాదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోని ఫలకం అతను దాదాపు 800 హోమ్ రన్లు (చాలావరకు బంతి మైదానం అవతల పడే హిట్లు) కొట్టాడని చెబుతుంది. అధికారిక లెక్కలో అవి రెండు వందలకు లోపే. ఈ రెండిట్లో ఏదీ అబద్ధం కాదు. నీగ్రో లీగ్ జట్లు లీగ్ ఆటలతో పాటు ఊరూరా తిరిగి స్థానిక జట్లతో, సైనిక జట్లతో, విదేశాల్లోనూ లెక్కలేనన్ని ఆటలు ఆడేవి. అధికారిక లెక్కలోకి వచ్చేవి లీగ్ ఆటలే, అవి కూడా స్కోరు పట్టిక దొరికినవే. ఇది వివరించకుండా కేవలం చిన్న అంకె రాస్తే చదివినవారు ఫలకం అతిశయోక్తి అనుకుంటారు, కేవలం పెద్ద అంకె రాస్తే వ్యాసం పురాణమవుతుంది. తెల్లవారి పత్రికలు నల్లజాతి ఆటలను పట్టించుకోని కాలంలో షికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ వంటి నల్లజాతి వారపత్రికలు అచ్చువేసిన పట్టికలే ఈ రోజు ఆ ఆటగాళ్ళకు సాక్ష్యం. వాటిని ఓపికగా వెతికి కూర్చిన పరిశోధకులకు వికీపీడియా సంపాదకులందరూ రుణపడి ఉన్నారు. అలాగే రిట్రోషీట్ సంస్థ స్వచ్ఛంద సేవకులు 1989 నుంచి పాత ఆటల్లో ఏం జరిగిందో వీలైనంత వరకు అంచెలంచెలుగా నమోదు చేసి, తమ పేరు ఉదహరిస్తే చాలునంటూ ఉచితంగా ఇస్తున్నారు. 1971లో కూపర్స్‌టౌన్‌లో పుట్టిన సేబర్ అనే పరిశోధకుల సంఘం ఆటగాళ్ళ జీవితచరిత్రలు రాయిస్తోంది. మన మూలాల జాబితాలో వీరి పేర్లు మళ్ళీ మళ్ళీ కనబడటం అందుకే.

అంకెలకంటే చిక్కైనవి 'మొట్టమొదటి' అనే వాక్యాలు. మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఎవరని అడిగితే అందరూ రాబిన్‌సన్ అంటారు. అయితే 1884లోనే టొలీడో జట్టుకు మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడాడు, ఆ తరువాత తెల్లవారు నల్లజాతివారికి తలుపులు మూశారు. 1879 జూన్ 21న ప్రావిడెన్స్ గ్రేస్ జట్టుకు ఒకే ఒక్క ఆట ఆడిన విలియం ఎడ్వర్డ్ వైట్ అనే విద్యార్థి జార్జియాలో ఒక తెల్ల భూస్వామికీ, ఆయన దగ్గర బానిసగా ఉన్న స్త్రీకీ పుట్టినవాడని సేబర్ పరిశోధకులు చాలా కాలం తరువాత కనుగొన్నారు. అయితే వైట్ తన జీవితంలో తెల్లవాడిగానే చెలామణి అయ్యాడు. మరి మొదటివాడు ఎవరు? మూడు వ్యాసాల్లోనూ ఒకరి గౌరవం మరొకరి వల్ల తగ్గకుండా, రాబిన్‌సన్ ఆధునిక కాలంలో వర్ణవివక్షను ఛేదించాడని, వాకర్ తన జాతిని దాచకుండా ఆడాడని, వైట్ విషయం పరిశోధకుల నిర్ధారణ అని విడివిడిగా రాయడానికి ఎంతో నేర్పు కావాలి. ఈ వాక్యాలను ఒక్కరు కూర్చుని రాసి ఉంటే ఇంత నిక్కచ్చిగా వచ్చేవి కావు, భిన్నాభిప్రాయాలున్నవారు పదేపదే దిద్దడం వల్లే అవి అలా తేరుకుంటాయి.

నడుస్తున్న సీజన్లో మాత్రం తొందరపాటే పెద్ద శత్రువు. 2022 డిసెంబరులో కార్లోస్ కొరేయా శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో 35 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడని వార్త వచ్చింది. వైద్యపరీక్ష దగ్గర అది ఆగింది. ఆ వెంటనే న్యూయార్క్ మెట్స్‌తో 31.5 కోట్లకు కుదిరిందన్నారు, అదీ వైద్యుల దగ్గరే నిలిచిపోయింది. చివరికి జనవరిలో అతను తన పాత జట్టు మిన్నెసోటా ట్విన్స్‌తోనే సంతకం చేశాడు. జట్టు అధికారికంగా ప్రకటించేదాకా ఆటగాడి జట్టు పేరు మార్చకూడదనే కట్టుబాటు ఎందుకుందో అడిగేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ చూపలేను.

విషయ ప్రాముఖ్యత గురించి నాకున్న బాధ ఒకటి చెప్పుకోవాలి. ఒకప్పుడు మేజర్ లీగ్‌లో ఒక్క ఆట ఆడినా వ్యాసానికి అర్హత ఉన్నట్టే భావించేవారు. 2022లో జరిగిన సుదీర్ఘ చర్చ తరువాత, ఆడినంత మాత్రాన చాలదు, ఆ వ్యక్తి గురించి స్వతంత్ర మూలాల్లో తగినంత సమాచారం ఉండాలన్నారు. మూలాల్లేని మొలకలు (ఒకటి రెండు వాక్యాల చిన్న వ్యాసాలు) పేరుకుపోయిన మాట నిజమే గనుక ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అయితే వైట్ కూడా ఒక్క ఆటే ఆడినవాడు. పరిశోధకుల దృష్టి పడకముందు అతని పేజీ ఉండి ఉంటే అదీ రెండు వాక్యాల మొలకగానే ఉండేది. కాబట్టి తొలగింపు ప్రతిపాదన పెట్టేముందు ఆ ఊరి పాత పత్రికలను ఒకసారి వెతకమని తోటి సంపాదకులను వేడుకుంటూ ఉంటాను. ఆరు నెలల ఖాతా, అయిదు వందల దిద్దుబాట్లు, ఈమధ్య కూడా పనిచేస్తున్నట్టు గుర్తు ఉంటే వికీపీడియా లైబ్రరీ ద్వారా చందా కట్టవలసిన పత్రికా భాండాగారాలు కూడా ఉచితంగా తెరుచుకుంటాయి.

తెలుగు వికీపీడియాలో ఈ ఆటగాళ్ళ గురించి రాయదలచిన మిత్రులతో ఒక పద్ధతి పంచుకుంటాను. జోష్ గిబ్సన్ వంటివారి వ్యాసంలో ఇంగ్లీషు పేజీ నుంచి అంకెను మాత్రం దింపుకోవద్దు. ఆ అంకె ఏ మూలంలోదో, ఏ తేదీన చూశారో, అందులో ఏ ఆటలు లెక్కకు వచ్చాయో కూడా రాయండి. కొత్త స్కోరు పట్టికలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి, .372 అనే అంకె కూడా మారవచ్చు. అప్పుడు మీ పేజీకి వచ్చే వాడుకరికి ఎక్కడ దిద్దాలో ఆ తేదీ చూడగానే తెలుస్తుంది.