కంట్రోల్ గ్రూపులో 12 వారాలు

కవరు చింపి కాగితం నా ముందు పెట్టారు. కంట్రోల్ గ్రూపు అని ఉంది. అంటే 12 వారాల పాటు నాకు వ్యాయామ శిక్షణ ఏమీ ఉండదు. ట్రెడ్‌మిల్, బరువులు, పక్కన నిలబడి నేర్పే మనిషి, అన్నీ అవతలి గ్రూపుకే. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

అసలు నేను ఆ అధ్యయనంలో చేరిందే వ్యాయామం కోసం. షుగర్ వల్ల నాన్న కాళ్లలో స్పర్శ పోవడం కళ్లారా చూశాను. 46 ఏళ్లకు నాకూ హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు. ఈ దశలో ఉన్నవాళ్లకు వ్యాయామం ఎంత మేలు చేస్తుందో చూడటానికి వాలంటీర్లు కావాలంటే వెంటనే పేరిచ్చాను. ఏ గ్రూపులో పడతామో ముందుగా ఎవరికీ తెలియదని సమ్మతి పత్రంలో స్పష్టంగానే రాసి ఉంది. చదివే సంతకం పెట్టాను. అయినా నా పేరు అటే వస్తుందని ఎందుకో గట్టిగా అనుకున్నాను.

కవరు తెరవడానికి వారం ముందు చేసిన టెస్టు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు అంటించి, చేతికి బీపీ పట్టీ చుట్టి, ముక్కూ నోరూ మూసేలా రబ్బరు మాస్క్ బిగించారు. పీల్చే ప్రతి శ్వాసలో ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నానో దానికి తగిలించిన ట్యూబు ద్వారా యంత్రం లెక్కగడుతుంది. ట్రెడ్‌మిల్ 3 నిమిషాలకోసారి వేగం పెంచుకుంటూ, ఇంకా ఏటవాలుగా లేస్తుంది. దీన్ని బ్రూస్ ప్రోటోకాల్ అంటారు.

"మాస్క్ ఉంటే మాట్లాడలేరండీ. ఎంత కష్టంగా ఉందో ఈ అంకెల మీద వేలు పెట్టి చూపించండి చాలు," అంది టెస్టు చేసే అమ్మాయి. 6 నుంచి 20 దాకా అంకెలున్న అట్ట అది. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త తయారుచేసిన కొలత. అంకెను పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం వచ్చేలా 6తో మొదలుపెట్టాడట. 13 దగ్గర నా వేలు బాగానే నిలిచింది. 17 దగ్గరికొచ్చేసరికి వణికింది. మూడో దశలోకి వెళ్లిన కాసేపటికే 19 చూపించి, ఇక చాలని చెయ్యెత్తాను. కిలో బరువుకు నిమిషానికి 27 మిల్లీలీటర్ల ఆక్సిజన్, అదీ నా గరిష్ఠం.

కవరు చూసి నేను డీలా పడటం గమనించి, అధ్యయనం నడిపే డాక్టరుగారు కూర్చోబెట్టి మాట్లాడారు. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సుల మీద చేసిన పరిశోధన గురించి చెప్పారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా కనిపించింది. తర్వాత అదే బృందం యూనిఫారం కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల ప్యాంటు నడుము మొదటి నుంచీ పెద్దదేనని తేలింది. మరి కండక్టర్లను కాపాడింది మెట్లా, లేక ఆ ఉద్యోగానికి సన్నటివాళ్లే వెళ్లడమా? "చీటీ వేసి గ్రూపులు చేసేది అందుకేనండీ. ఇష్టమున్నవాళ్లను వ్యాయామానికి పంపితే, ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా అక్కడే చేరతారు," అన్నారు.

ఆ మాట నన్ను నిలబెట్టింది. ఇంటికొచ్చాక 2002 నాటి అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనం గురించి చదివాను. 3,234 మందిలో ఆహారం మార్చుకుని, బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేసినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం తగ్గింది. ఈ 58 శాతం అందరూ చెప్పేదే. కానీ దేనితో పోలిస్తే 58? ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వెయ్యి మందికి పైగా మనుషులతో. వాళ్లు ఓపిగ్గా వచ్చి రక్తం ఇవ్వకపోతే ఆ అంకె పుట్టేదే కాదు.

ఆ 12 వారాలూ తేలిగ్గా గడవలేదు. మాత్రల పరిశోధనలో ఎవరికి ఏది ఇచ్చారో దాచవచ్చు. వ్యాయామాన్ని దాచలేరు. నాకేమీ అందడం లేదని నాకు తెలుసు. మామూలుగా తిరిగేది తిరగొచ్చు, కొత్తగా వ్యాయామం మాత్రం మొదలుపెట్టొద్దన్నారు. "వదినా, పొద్దున్నే వాకింగ్‌కు రండి," అని మా ఆడపడుచు పిలిచినప్పుడల్లా కాదనడం బాధగా ఉండేది. మా గ్రూపువాళ్లంతా చాటుగా నడవడం మొదలుపెడితే రెండు గ్రూపుల మధ్య తేడా చెరిగిపోతుంది. వ్యాయామం పనిచేయదని తప్పుడు ఫలితం వస్తుంది. కదలికలు లెక్కించే చిన్న యంత్రాన్ని నడుముకు కట్టుకున్న వారమైతే, ఎక్కువ అడుగులు వేసి మంచి అంకె చూపించాలని మనసు లాగేది. అలా చేయలేదు. ఎప్పటిలాగే ఉన్నాను.

చివరి టెస్టులో ఆక్సిజన్ 26.6, హెచ్‌బీఏ1సీ 6.2. చూసి భయమేసింది. కానీ మొదట చెప్పినట్టే ఆ తర్వాత మాకూ 12 వారాల శిక్షణ ఇచ్చారు. వారానికి మూడు రోజులు ఏటవాలు నడక, రెండు రోజులు బరువులు. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుంటుందని అక్కడే నేర్చుకున్నాను. షుగర్‌కు నడక ఎందుకు మందో అప్పుడర్థమైంది. మూడో నెల చివర్లో అదే మాస్క్, అదే అట్ట. ఈసారి మూడో దశలోకి వెళ్లాక కూడా నా వేలు 15 మీదే ఉంది. ఆక్సిజన్ 30 దాటింది, హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది.

వచ్చేసే ముందు ఆ అమ్మాయిని అడిగాను, మా గ్రూపులో మధ్యలో మానేసినవాళ్లు ఎంతమందని.

"ముగ్గురేనండీ. మిగతా అందరూ చివరిదాకా వచ్చారు," అంది.