పన్నెండు అంటే ఏ పన్నెండు?

వాకీటాకీలో "పన్నెండు దాటింది" అని వినపడితే, విశాఖ ఔటర్ హార్బర్‌లో పనిచేసి వచ్చినవాడు కంగారు పడడు. మన జెట్టీల మీద గాలిని నాట్లలో (గంటకి ఇన్ని సముద్రపు మైళ్ళని) చెప్పుకుంటాం. పన్నెండు నాట్లంటే సాయంత్రం పూట బీచ్ రోడ్డులో చొక్కా ఎగరేసే గాలి, అంతే. సముద్రంలో నిలబెట్టే గాలిమరల (విండ్ టర్బైన్ల) సామాను ఓడ ఎక్కేది డెన్మార్క్ పడమటి ఒడ్డున ఉన్న ఎస్బియర్ పోర్టులో. అక్కడ మాత్రం ఆ పన్నెండు సెకనుకి మీటర్లు. అంటే 23 నాట్లు, గంటకి 43 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది కాబట్టి, యూనిట్ పొరబడినవాడి అంచనా రెండింతలు కాదు, నాలుగింతలు తప్పుతుంది. ఆ గాలిలో ఎనభై మీటర్ల గాలిమర రెక్కని కొక్కేనికి కట్టి పైకెత్తే సాహసం మామూలుగా ఎవరూ చెయ్యరు.

ఇంకో తిరకాసు ఉంది. ఆఫీసు కప్పు మీద, పది మీటర్ల ఎత్తులో పెట్టిన గాలి కొలిచే మీటరు 8 చూపిస్తుంటే, వంద మీటర్ల పైన క్రేన్ బూమ్ (పొడవాటి చెయ్యి) కొసన అది దాదాపు 11 ఉంటుంది. కిందనున్నవాడికి హాయిగా ఉన్న గాలి పైన రెక్కని దాదాపు రెట్టింపు బలంతో తోస్తుందన్నమాట. అందుకని ఎత్తాలా వద్దా అన్నది బూమ్ కొస మీటరు చూసి తేల్చుకోవాలి. అదీ సగటు ఒక్కటే చూస్తే చాలదు, మధ్యలో ఒక్కసారిగా విసిరే గాలి ఎంతో కూడా చూడాలి.

సింధియా, మల్కాపురం, గాజువాక వైపు నుంచి ఈ పనులకి వెళ్దామనుకునే రిగ్గర్లు (బరువులని క్రేనుకి కట్టేవాళ్ళు), వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు అడిగే మాట ఒకటే: "పని మనకి తెలిసిందేగా?" సగం తెలిసిందే. షిప్‌యార్డులో బ్లాకులు ఎత్తినవాడికి బరువంటే భయం ఉండదు. తెలియని సగం ఎక్కడుందో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మన పోర్టులో సరుకు ఎంత తొందరగా కదిలితే అంత లాభం. ఓడ ఒక రోజు ఎక్కువ నిలబడితే డెమరేజీ (ఆలస్యపు రుసుము). సముద్రపు గాలిమరల పోర్టులో సరుకు వారాల తరబడి యార్డులోనే ఉంటుంది, ఉండాలి కూడా. ఫ్యాక్టరీలు ఏడాది పొడవునా ఒకే వరసలో పంపుతుంటాయి. ఇంగ్లండులో హల్ నుంచి రెక్కలు వస్తాయి, జర్మనీలో కుక్స్‌హావెన్ నుంచి నాసెల్ వస్తుంది (జనరేటరు ఉండే పెద్ద డబ్బా అది). సముద్రం ఒప్పుకునే రోజులు మాత్రం ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. టర్బైన్లు నిలబెట్టే ఓడ అద్దె చాలా ఎక్కువ, అది సామాను కోసం ఎదురుచూడకూడదు. అందుకే సామాను దాని కోసం ఎదురుచూస్తుంది. పేరుకి పోర్టే గానీ చేసే పని గోదాముదీ, వర్క్‌షాపుదీ.

2002లో హార్న్స్ రెవ్ దగ్గర సముద్రంలో 80 టర్బైన్లు పెట్టినప్పటి నుంచీ ఎస్బియర్‌కి ఇదే పని. అప్పట్లో ఒక్కొక్కటి 2 మెగావాట్లు. ఇప్పుడు 14 మెగావాట్ల మరకి ఒక్క రెక్కే 108 మీటర్లు, నాసెల్ 500 టన్నులు. మన ఆర్టీసీ బస్సులు తొమ్మిది ఒకదాని వెనక ఒకటి పెడితే ఒక రెక్క. అలాంటివి మూడు కలిస్తే ఒక మర.

ఇక నేల సంగతి. వచ్చిన మొదటి రోజు అందరి కళ్ళూ క్రేన్ మీదే ఉంటాయి. అనుభవమున్న ఫోర్‌మన్ తల దించుకుని నడుస్తుంటాడు. 600 టన్నుల టవరుని ఎనిమిది మీటర్లు బై ఎనిమిది మీటర్ల స్టాండు మీద నిలబెట్టారనుకోండి. 64 చదరపు మీటర్లు, అంటే ఒక్కో చదరపు మీటరుకి 9.4 టన్నులు. ఇది గాలి లేనప్పటి లెక్క. గాలి ఒకవైపు నెడితే అవతలి అంచు మీద బరువు ఇంకా పెరుగుతుంది. కంటైనర్ల కోసం వేసిన మామూలు యార్డు నేలని సాధారణంగా ఇంత బరువుకి కట్టరు. క్రాలర్ క్రేన్ (చక్రాలకి బదులు ఇనుప ట్రాకుల మీద నడిచేది) పరిస్థితి మరీ కష్టం. 1,350 టన్నుల క్రేన్ బూమ్‌ని ఒక మూలకి తిప్పగానే, రెండు ట్రాకులూ పంచుకున్న బరువంతా ఒక ట్రాకు కొస మీదకి వచ్చి పడుతుంది. అందుకే కింద మ్యాట్లు (బరువుని పంచే మందపాటి పలకలు) పరుస్తారు, యార్డుని జోన్లుగా విడగొట్టి ఎక్కడ ఎంత బరువు ఆనవచ్చో పటం గీస్తారు. ఆ పటం జేబులో లేకుండా ట్రక్కుని పక్కకి మళ్ళించకూడదు.

తేడా వచ్చేది ఎక్కువగా కనపడని చోటే: పాత డ్రెయిన్ పైపు, కేబుల్ కాలువ, సరిగ్గా కుదించకుండా పూడ్చిన గొయ్యి. నాలుగు రోజులు వాన పడితే కంకర కింద మన్ను జారుతుంది. స్టాండ్ల నాలుగు మూలలా గుర్తులు పెట్టి లెవెల్ చూస్తుంటారు. ఒక మూల నిన్నటి కంటే కిందికి దిగితే, ఎంత కొంచెమైనా సరే, చెప్పాలి. "ఇంతేగా" అనుకుంటే అదే పొరపాటు.

బరువులు కదిపేది ఎస్‌పీఎంటీ, వరసలు వరసలుగా చక్రాలుండే ట్రాలీ. నడిపేవాడు నడుముకి రిమోట్ కట్టుకుని పక్కనే నడుస్తాడు. ఫ్రేముతో కలిపి 560 టన్నుల నాసెల్‌కి, ఒక్కో యాక్సిల్ వరస మీద 30 టన్నులకి మించకూడదనుకుంటే, 19 వరసలు కావాలి. జాగ్రత్త కోసం ఇరవై నాలుగు పెడతారు. చక్రాల హైడ్రాలిక్స్‌ని మూడు లేక నాలుగు గుంపులుగా కలుపుతారు. మూడు గుంపులైతే బరువు ముక్కాలిపీట మీద కూర్చున్నట్టే, వాలు ఎక్కువైతే ఒరుగుతుంది. మనవాళ్ళని ఎక్కువగా మూలల దగ్గర కాపలా నడిపిస్తారు. అక్కడ నడిచేవాడు బరువు వంక చూడకూడదు. టైర్లని, డ్రెయిన్ మూతలని, నూనె చెమ్మని చూడాలి. డ్రెయిన్ మూత మీదుగా వెళ్ళాల్సివస్తే ముందే ఇనుప పలకలు పరిచారో లేదో చూసుకోవాలి.

టవరు కథ వేరే. మూడు నాలుగు ముక్కలుగా వచ్చిన టవరుని ఒడ్డు మీదే నిలువునా బిగించి, పూర్తి ఎత్తున ఓడ ఎక్కిస్తారు. సముద్రం మీద బోల్టులు బిగించే టైము అలా మిగులుతుంది. అయితే నాసెల్ లేకుండా వట్టిగా నిలబడ్డ టవరుకి ఒక జబ్బుంది. తుపాను గాలికి భయపడాలని అనుకుంటాం. హుద్‌హుద్ చూసినవాళ్ళం కదా, అలాగే అనుకుంటాం. కానీ దాన్ని ఎక్కువ ఊపేది ఒకే తీరున వీచే మామూలు గాలి. గుండ్రటి గొట్టం వెనకాల గాలి సుడులు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు విడిపోతుంటాయి. ఆ సుడుల తాళం టవరు సహజంగా ఊగే తాళంతో కలిస్తే, ఉయ్యాలకి సరిగ్గా సమయానికి తోపు అందినట్టే. ఆరు మీటర్ల అడ్డకొలత టవరు మూడు సెకన్లకి ఒకసారి ఊగే రకమైతే, ఆ తాళం కుదిరేది సెకనుకి 9, 10 మీటర్ల గాలిలో. గాలి పడమర నుంచి వస్తే టవరు ఊగేది ఉత్తర దక్షిణాలుగా. గాలి వచ్చే దిక్కున చూస్తూ నిలబడినవాడికి అది కనిపిస్తుంది, పక్కనుంచి చూసేవాడికి టవరు కదలనట్టే ఉంటుంది.

పడిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. ప్రతి ఊపుకీ వెల్డుల ఆయుష్షు కొంచెం అరుగుతుంది. పాతికేళ్ళు నిలవాల్సిన టవరు ఒడ్డునే ముసలిదైపోతుంది. అందుకే పైభాగం చుట్టూ మెలిక తిప్పి లావుపాటి పట్టీలు చుడతారు, సుడులు ఒకే తాళంలో పుట్టకుండా అవి చెదరగొడతాయి. లేకపోతే లోపల డ్యాంపర్ (ఊపుని తగ్గించే సాధనం) వేలాడదీస్తారు. ఇక్కడ జరిగే తప్పు చాలా మామూలుది. పొద్దున్న ఓడ వస్తుందని రాత్రే పట్టీలు విప్పేస్తారు. తెల్లారేసరికి సముద్రం పెరిగి ఓడ రాదు. టవర్లు వట్టిగా నిలబడి ఉంటాయి, సరిగ్గా ఆ 9 మీటర్ల గాలి మొదలవుతుంది. పట్టీలు విప్పమన్న మాట ఎవరన్నారో పేరు రాసుకుని, ఓడ ఒడ్డుకి వచ్చాకే చెయ్యి వెయ్యండి.

బోల్టుల దగ్గర మన చేతులకి అలవాటు మార్చుకోవడం కష్టం. ఒక ఫ్లాంజికి (టవరు ముక్కలు కలిసే చోట ఉండే అంచు చట్రం) వందకి పైగా బోల్టులుంటాయి, ఒక్కోటి పిల్లాడి మోచెయ్యంత లావు. టార్క్ రెంచితో తిప్పినప్పుడు మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టుని సాగదీస్తుంది. సగం నట్టు కింద రాపిడికి, మిగిలింది బోల్టు చుట్ల (థ్రెడ్ల) రాపిడికి పోతుంది. అంటే గ్రీజులో చిన్న తేడా వస్తే బిగువు పెద్దగా తప్పుతుంది. చుట్ల మీద ఇసుక రేణువు పడ్డా, ఉప్పునీటి తడి ఎండినా, పక్కవాడి డబ్బాలోని వేరే పేస్టు రాసినా, రెంచి అదే అంకె చూపిస్తుంది, లోపలి బిగువు మాత్రం వేరే. "చెయ్యికి తెలుస్తుందిలే" అనే మన మేస్త్రీల మాట ఇక్కడ చెల్లదు. హైడ్రాలిక్ టెన్షనర్ వాడితే రాపిడి గొడవ తగ్గుతుంది, బోల్టుని పట్టుకుని సాగదీసి నట్టుని ఊరికే దించుతారు. కాకపోతే పంపులో వెయ్యిన్నర బార్ ఒత్తిడి ఉంటుంది. బోల్టు తిన్నగా చూపించే దిక్కున ఎవరూ నిలబడకూడదు, తెగితే అటే వస్తుంది. బిగించాక మార్కరుతో నట్టు మీదా ఫ్లాంజి మీదా కలిపి ఒకే గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలినట్టు. వానలో ఆ గీత కొన్నిసార్లు చెరిగిపోతుంది, మళ్ళీ ఊహించి గీయకండి, కొలిపించండి.

స్లింగుల (బరువులెత్తే పట్టీల) రంగులు కంఠస్థం చెయ్యాలి: ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద నాలుగు, ఎరుపు అయిదు, గోధుమ ఆరు, నీలం ఎనిమిది, నారింజ పది, ఆపైన. లేబుల్ చిరిగిపోయిన స్లింగు ఎంత కొత్తదైనా చెత్తలోకే. మన జెట్టీ మీద "హబేస్" (ఎత్తు), "ఆరియా" (దించు) అని కేకేస్తే క్రేన్‌వాడికి తెలిసిపోతుంది. ఎస్బియర్‌లో ఒక్కడే మాట్లాడతాడు, అదీ రేడియోలో. క్రేన్‌వాడికి బరువు కనపడని లిఫ్టులో "దించు, దించు, దించు" అని ఆగకుండా చెబుతూనే ఉండాలి. గొంతు ఆగిందంటే క్రేన్ ఆగాలి. బ్యాటరీ అయిపోయినా, దగ్గొచ్చినా, అంతే. ఆపమని చెప్పే హక్కు మాత్రం ఊడ్చేవాడితో సహా అందరికీ ఉంటుంది. ఆపినందుకు ఎవరూ తిట్టరు, అది నమ్మడానికి మనవాళ్ళకి కొన్ని నెలలు పడుతుంది.

"మరి విశాఖకి ఈ పని రాదా?" అని ఇంటి దగ్గర అడుగుతారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సముద్రపు గాలిమరల పథకానికి రూ.7,453 కోట్లకి ఒప్పుకుంది. గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన 500. అందులో రెండు పోర్టుల్ని మెరుగుపరచడానికి రూ.600 కోట్లు. ఆ జాబితాలో మన తీరం లేదు. ఒకవేళ రేపు వచ్చినా ఇన్నర్ హార్బర్ పనికిరాదని మా అభిప్రాయం. రెక్కల్ని ఓడ మీద అడ్డంగా పేరుస్తారు, డెక్కు వెడల్పు యాభై మీటర్లయితే రెండు వైపులా పాతిక మీటర్లకి పైగా బయటికి పొడుచుకు వస్తాయి. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఆ ఇరుకు కాలువలో అలాంటి ఓడ ఎలా తిరుగుతుంది? ఔటర్ హార్బరో, గంగవరమో అయితే ఆలోచించవచ్చు.

కాగితాల సంగతి క్లుప్తంగా. జీడబ్ల్యూవో (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) ప్రాథమిక శిక్షణలో అయిదు భాగాలు: ప్రథమ చికిత్స, బరువులెత్తడం, అగ్ని, ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ. చెల్లుబాటు 24 నెలలు. ఇక్కడివాళ్ళు సర్టిఫికెట్ కాగితం చూడరు, జీడబ్ల్యూవో వారి విండా డేటాబేసులో మీ నంబరు కొట్టి చూస్తారు. అక్కడ లేకపోతే మీరు శిక్షణ తీసుకోనట్టే. ఏజెంటుకి ఈ-మైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకి కేంద్రం నడిపే పోర్టల్) రిజిస్ట్రేషన్ ఉందా చూసుకోండి. చట్టప్రకారం అతను తీసుకోగలిగేది రూ.30,000, దాని మీద జీఎస్టీ. బ్రిటన్ పేరు చెప్పి "ఓడ కాబట్టి వీసా అక్కర్లేదు" అనేవాణ్ణి నమ్మకండి, అక్కడి తీరజలాల్లో గాలిమరల పనివాళ్ళకి ఇచ్చిన మినహాయింపు 2023 ఏప్రిల్ 30తో అయిపోయింది. డెన్మార్క్‌లో మామూలుగా వారానికి 37 గంటలు, పైన చేసింది ఓవర్‌టైము. ట్యాక్స్ కార్డు తయారవకముందే జీతం పడితే ఏకంగా 55 శాతం కోస్తారు, అందుకే దిగిన వారంలోనే ఆ పని చూసుకోవాలి. కోసింది తర్వాత లెక్క చూసి ఇస్తారు, కానీ ఆ నెల ఇంటికి పంపేదేమీ ఉండదు.

ఎస్బియర్‌లో డిసెంబరులో తొమ్మిదింటికి దగ్గరగా తెల్లారుతుంది, నాలుగు కాకముందే చీకటి పడుతుంది. ట్యాగ్‌లైను (వేలాడే బరువు తిరగకుండా పట్టుకునే తాడు) తడిస్తే గ్లౌజు తడుస్తుంది, తడిసిన గ్లౌజుతో వేళ్ళు మొద్దుబారి తాడు జారుతుంది. షిఫ్టుకి రెండు జతలు దగ్గరుంచుకోండి, మూడోది లోపల హీటరు మీద. పెట్టె సర్దేటప్పుడు నెయ్యి, చికెన్ పచ్చడి తియ్యండి. మాంసం, పాల వస్తువులు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు, కస్టమ్స్ దగ్గర సీసాతో సహా పోతుంది. చేపలకి మాత్రం 20 కిలోల దాకా అడ్డు లేదు. ఎండు నెత్తళ్ళు తెచ్చుకోవచ్చు, కాకపోతే మూడు కవర్లలో గాలి చొరబడకుండా చుట్టండి. గది పంచుకునేవాడు పోలండ్ కుర్రాడు కావచ్చు.