సామర్థ్యం చొప్పున

"అన్నా, ఈ లక్ష్యాలు సరిగ్గా ఉన్నాయా?" అంటూ ప్రార్థన ముగిశాక మా సంఘంలోని తమ్ముడొకడు నోట్‌బుక్ నా చేతికిచ్చాడు. పైన "దేవుని కోసం గొప్ప పనులు చేయాలి" అని ఉంది. దాని కింద పెన్సిలుతో నెల జీతం, అమ్మ మందుల ఖర్చు, రాత్రి డ్యూటీ వేళలు రాసుకున్నాడు.

నాకు ఆ పెన్సిలు రాతే అసలైన ఆరంభంగా కనిపించింది. బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, యజమాని తన దాసుల్లో ఎవరి సామర్థ్యం చొప్పున వారికి తలాంతులు, అంటే పెద్ద మొత్తాల డబ్బు, అప్పగించాడు. అయిదు సంపాదించినవాడికీ, రెండే సంపాదించినవాడికీ ఒకే మెప్పు దక్కింది. జీతమూ సమయమూ దేవుడు అప్పగించినవేనని నమ్మే మనం, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడన్న లూకా 14:28ని కూడా అంతే శ్రద్ధగా పాటించాలి.

డ్యూటీ లేని ఆదివారాల్లో సండే స్కూలు పిల్లలకు లెక్కలు నేర్పాలని, జీతం రాగానే ముందు కానుక తీసి పక్కన పెట్టాలని అతడు కొత్త పేజీలో రాశాడు. మార్చిలో మళ్లీ కలిసి చూస్తాం.